ఆగ్నేయ మూలలో ఆంప్లిఫయర్

ఓంప్రకాశ్ ఎప్పటికైనా తన కొంప ముంచుతాడని పైడిబాబు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాడు. రాణిగంజ్ గల్లీలో ట్రాన్సిస్టర్లూ కెపాసిటర్లూ అమ్మే ఆ పెద్దమనిషి, నవ్వుతూ చాయ్ తాగించి నకిలీ సరుకు చేతిలో పెడతాడని కార్ఖానా పేటలోని తన రిపేరు దుకాణంలో మిక్సీ బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లకీ, టీవీ తెచ్చినవాళ్లకీ, దారి అడగడానికి ఆగినవాళ్లకీ కూడా చెప్పేవాడు. అయినా సరుకు మాత్రం అక్కడే కొనేవాడు. మిగతా దుకాణాల వాళ్లు నకిలీ సరుకు చాయ్ లేకుండా ఇస్తారు.

ఆ గురువారం పొద్దున అతను అనుకున్నది చాలా చిన్న పని. పదింటికల్లా ఇంటి ఓనరు సోమయ్యగారి డబ్బాను మేడ మీదికి చేర్చెయ్యాలి. తరవాత భార్య సత్యవేణిని తీసుకుని మౌలాలి రైల్వే కాలనీలో ఉన్న వదినగారింటికి వెళ్లాలి. అక్కడ చేపల పులుసు తినాలి. అంతే.

డబ్బా అంటే సబ్‌వూఫర్. మోకాలెత్తు నల్ల చెక్కపెట్టె. ముందు ఒక పెద్ద స్పీకరు, దాని మీద గుడ్డ జాలీ. వెనక ఒక ఇనుప పలక, ఆ పలకకు లోపలివైపు ఆంప్లిఫయరు, గాలి ఆడడానికి పలక పైభాగంలో సన్నటి సందులు. పాటలో మద్దెల మోగితే మన పొట్టలో మోగినట్టుండాలని పెట్టుకునే వస్తువు. సోమయ్యగారి కూతురు కల్పలత బేగంపేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి మొదటి బోనస్‌తో కొన్నది. ఊరంతా సాఫ్ట్‌వేర్ అని ఊగిపోతున్న రోజులవి. వస్తువు పాడైతే బాగుచేయించేవాళ్లు తగ్గి, పారేసి కొత్తది కొనేవాళ్లు పెరిగారు. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి విజయనగరం నుంచి వచ్చి రేడియోలతో బతుకు మొదలుపెట్టిన పైడిబాబుకు ఆ ఊపులో దక్కిందేమీ లేదు, ఒక్క ఓనరు బెదిరింపు తప్ప.

ఆ బెదిరింపు కూడా బెదిరింపులా ఉండేది కాదు. సోమయ్య గొంతు పెంచే మనిషి కాదు. కుర్చీలో కూచుని వేళ్ల మెటికలు ఒక్కొక్కటే విరుస్తాడు.

"ఆదివారం బోనాలు పైడిబాబు. చుట్టాలందరు వస్తున్నరు. డబ్బా మోగాలె. కింద దుకాణం మొబైల్ కంపెనీవాళ్లు అడుగుతున్నరు. నేనింక ఏం చెప్పలే వాళ్లకు. డబ్బా సంగతి అయినంక చూద్దాం."

ఆ "చూద్దాం" విన్నప్పటి నుంచీ పైడిబాబుకు అన్నం సహించలేదు. కింద ఉన్న పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గదే అతని దుకాణం. వెనక ఉన్న ఇరుకు వాటా అతని ఇల్లు. రెండింటికీ తాళం చెవి ఒకటే. దుకాణం పోతే ఇల్లూ పోయినట్టే.

అందుకే డబ్బాను ఒళ్లు దగ్గర పెట్టుకుని బాగుచేశాడు. కాలిపోయిన రెండు పెద్ద ట్రాన్సిస్టర్లు పీకేసి కొత్తవి వేశాడు. నేరుగా కరెంటు పెట్టకుండా మధ్యలో నూరు వాట్ల బల్బు ఒకటి కట్టి పరీక్ష చేశాడు. ఆ పనిలో ఉన్నవాళ్లందరూ చేసేదే అది. లోపల ఎక్కడైనా తేడా ఉంటే ఆ బల్బు పెళ్లిపందిట్లో దీపంలా వెలిగిపోతుంది. బాగుంటే ఒక్కసారి మెరిసి చిన్నబోతుంది. బల్బు చిన్నబోయింది. పైడిబాబు ప్రాణం లేచొచ్చింది.

డబ్బాను భుజాన వేసుకుని మేడ మెట్లెక్కేసరికి సోమయ్యగారి భార్య అనసూయమ్మ గుమ్మంలోనే ఆపింది. ఆమె చేతిలో పసుపు గిన్నె ఉంది. ఆ నెలలో ఆమె చేతిలో ఇంకేదీ ఉండేది కాదు.

"ఆగు బిడ్డ. ఆషాఢమాసం. బయటికి పోయొచ్చిన సామాను. ఊకె ఎట్ల లోపల పెడ్తం?"

ముందువైపు గుడ్డ జాలీ, బొట్టు నిలవదు. పక్కలు అద్దంలా నున్నగా ఉన్నాయి, పసుపు జారిపోతోంది. అనసూయమ్మ డబ్బా చుట్టూ ఒకసారి తిరిగి చూసి, వెనక ఇనుప పలక ఒక్కటే గరుకుగా ఉందని కనిపెట్టి, తడి పసుపు మూడు వేళ్లతో తీసుకుని సందుల మీదుగా అడ్డంగా పూసింది. మధ్యలో కుంకుమ పెట్టింది. పైడిబాబు కూడా భక్తిగా చెంపలేసుకున్నాడు. బోనాల రోజుల్లో అతని దుకాణానికి వచ్చే మిక్సీలు, టీవీలు, ఇస్త్రీపెట్టెలు అన్నీ పచ్చగానే వస్తాయి.

కిందికి దిగి, చొక్కా మార్చుకుని, షట్టరుకు తాళం వేస్తుండగా పైనుంచి పాట మొదలైంది. మద్దెల నేల అదిరేలా పడింది. సత్యవేణి నవ్వింది. "బాగానే మోగుతున్నాదండి." ఆ మాట పూర్తయ్యేలోపు పైన 'థప్' మని, తడిగోడ పెచ్చు ఊడి పడ్డట్టు ఒక చప్పుడు వినబడింది. తరవాత ఏమీ వినబడలేదు. అందరూ నడవడం మానేసినట్టుగా మేడంతా నిశ్శబ్దమైపోయింది. పైడిబాబు తాళంకప్ప అలాగే చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. చేపల పులుసు వదినగారింట్లోనే ఉండిపోయింది.

మళ్లీ విప్పి చూస్తే రెండు ట్రాన్సిస్టర్లూ పోయాయి. వాటి కాళ్ల దగ్గర పచ్చగా ఏదో ఎండి ఉంది. టంకం వేసేటప్పుడు వాడే రాళ కరిగితే ఆ రంగులోనే అంటుకుంటుంది, తన చేతి పనే అనుకుని బ్రష్షుతో గీకేశాడు. బయట పలక మీదున్న పసుపు కుంకుమల జోలికి మాత్రం పోలేదు. ఓనరుగారి ఇంటి బొట్టు తుడవడానికి అతనికి ధైర్యం చాలలేదు. ఇక నేరం ఎవరిదో తేల్చడం ఎంతసేపు? కాలిన ట్రాన్సిస్టర్లు జేబులో వేసుకుని రాణిగంజ్ పోయి, నలుగురు కొనుగోలుదార్ల మధ్య ఓంప్రకాశ్ అద్దాల బల్ల మీద వాటిని టపటపా పోశాడు.

"ఇవి ట్రాన్సిస్టర్లేటి ఓంప్రకాశ్, వేయించిన శనగలా? ఇంకో రెండు నిమిషాలుంటే పొట్టు కూడా రాలేది."

ఓంప్రకాశ్ నొచ్చుకోలేదు. ఒకటి తీసి వెలుతురులో తిప్పి చూశాడు. బ్లేడుతో పైన అక్షరాలు గీకి చూపించాడు, అవి చెరగలేదు. "అసలు మాల్ భాయ్ ఇది. నా పిల్లల మీద ఒట్టు. చుట్టుపక్కల ఉన్న చిన్న ట్రాన్సిస్టర్లు సుత మార్చినవా? నీ పని చూసుకో జెర. ముందుగాల చాయ్ తాగు."

"నీ చాయ్ నువ్వే తాగు. ఈ గుమ్మం మళ్లీ తొక్కితే నా పేరు పైడిబాబు కాదు."

నలుగురూ వినేలా అనేసి బయటికి వచ్చేశాక పక్క గల్లీలో ఇంకో కొట్టు వెతుక్కుని, ఈసారి రెండు జతలు కొన్నాడు. ఓంప్రకాశ్ మీద కోపం ఒకవైపు ఉన్నా, అతను అన్న చిన్న ట్రాన్సిస్టర్లూ కొన్నాడు. తెల్లటి సిమెంటు రెసిస్టర్లు, ట్రాన్సిస్టరు కింద పెట్టే అభ్రకపు రేకులు, వేడి లాగే తెల్ల పేస్టు కూడా కొన్నాడు. రేకులు రెండువైపులా వెలుతురుకు పెట్టి చూసి మరీ వేశాడు. బల్బు మెరిసి చిన్నబోయింది. బల్బు తీసి నేరుగా కరెంటు ఇచ్చినా మధ్యాహ్నమంతా డబ్బా గదమాయిస్తూనే ఉంది. బేగంపేట విమానాశ్రయంలో దిగే విమానం నెత్తి మీంచి పోయినప్పుడల్లా పైడిబాబు గుండె జారేది, డబ్బాకే ఏదో అయిందనుకుని. విమానం వెళ్లిపోయాక డబ్బా మోగుతూ ఉండేది. మళ్లీ ఊపిరి పీల్చుకునేవాడు.

శుక్రవారం డబ్బాను మళ్లీ పైకి మోశాడు. ఈసారి వెంటనే దిగి రాకుండా, దగ్గరుండి చూద్దామని గుమ్మం పక్కన స్టూలు మీద కూచున్నాడు. ఆఫీసు కారు కోసం ఎదురుచూస్తూ కల్పలత కూడా అక్కడే ఉంది. రాత్రి ఇంటర్నెట్‌లో చదివిందట.

"అంకుల్, మార్చడం కాదు. రూట్ కాజ్ ఏంటో కనుక్కున్నరా?"

ఆ మాటకు అర్థం పైడిబాబుకు తెలీదు. అదేదో కొత్త విడిభాగం అయి ఉంటుందని, అది తను మార్చలేదేమోనని భయం వేసింది. "చూస్తున్నానండి. దొరికితే అదీ వేసేద్దాం," అన్నాడు.

అనసూయమ్మకు ఇంటర్నెట్టుతో పనిలేదు. ఆమెకు కారణం నిన్ననే తెలిసిపోయింది. "నిన్న పసుపు తక్కువైంది," అంది. ఇవాళ చిక్కగా కలుపుకొచ్చింది. మూడు వేళ్లు కాదు, అరచేయి నిండా తీసుకుని పలకంతా మెత్తింది. పసుపునీళ్లలో వేపకొమ్మ ముంచి డబ్బా మీద మూడుసార్లు చిలకరించింది. నిమ్మకాయ తిప్పి గుమ్మం బయట తొక్కింది. పైడిబాబు చేతికి టీ ఇచ్చింది. పాట పెట్టారు. ఒక పాట అయింది. రెండో పాట మధ్యకొచ్చింది. పైడిబాబు కప్పులోకి ఊదుకుని మొదటి గుక్క నోట్లోకి తీసుకున్నాడు. థప్.

ఈసారి సందుల్లోంచి సన్నటి పొగ కూడా వచ్చింది. అది అగరొత్తి పొగ అనుకోవడానికి అతను కొంచెంసేపు ప్రయత్నించాడు. కల్పలత చెవుల మీద చేతులు పెట్టుకుంది. అనసూయమ్మ కళ్లు మూసుకుని "తప్పైంది తల్లీ, తప్పైంది," అంది. సోమయ్య లోపలి గదిలోంచి వచ్చి, పొగను చూసి, పైడిబాబును చూసి, కుడిచేతి చూపుడువేలు మెటిక విరిచాడు. ఆ చప్పుడు పైడిబాబుకు డబ్బా చప్పుడు కంటే పెద్దగా వినిపించింది.

"రేపున్నది కద. చూద్దాం."

శనివారానికి పైడిబాబు మనిషిలా లేడు. పాతికేళ్లుగా కరెంటుతో కాపురం చేసినవాడు, ఆ పొద్దున స్విచ్ వెయ్యడానికి సత్యవేణి అప్పడాల కర్ర తెచ్చుకున్నాడు. మొహం పక్కకు తిప్పి, కళ్లు గట్టిగా మూసుకుని, చెయ్యి బారెడు చాచి కర్రతో స్విచ్ నొక్కుతున్నాడు. నొక్కాక వెంటనే కళ్లు తెరవడు. ముందు ముక్కుతో వాసన పీలుస్తాడు. కాలిన వాసన రాకపోతే ఒక కన్ను తెరిచి బల్బు వైపు చూస్తాడు.

"మధ్యాహ్నం చపాతీలు చెయ్యాలండి. కర్ర ఇచ్చీండి," అంది సత్యవేణి.

"అన్నం వండీ."

ఆఖరి జత వేసేశాడు. బల్బు చిన్నబోయింది. బల్బు తీసేసినా మోగింది. ఇంకొక్కసారి నమ్మకం కోసం బల్బు మళ్లీ తగిలించి, పలకను డబ్బాకు బిగించకుండా బల్ల మీద నిలబెట్టి, లోపలివైపు తనకు కనబడేలా తిప్పుకుని నడుస్తున్నప్పుడే చూస్తున్నాడు. ఎక్కడా తేడా లేదు. తేడా లేకపోవడమే అతన్ని వణికిస్తోంది. పాడైతే ఎందుకు పాడైందో చెప్పొచ్చు. తన దగ్గర బాగుండి, మెట్లెక్కితే చచ్చిపోతున్న వస్తువును ఏమనాలి? డబ్బాలో కాదు, మేడ మీద ఉందేమో అనిపించింది. మేడ మీద ఏముంది అని ఆలోచించడానికి ఇంకా భయం వేసింది. బోనాల నెలలో అలాంటి ఆలోచనలు మంచివి కావు.

అప్పుడే సత్యవేణి మేడ మీదినుంచి దిగింది. కళ్లు పెద్దవి చేసుకుని వచ్చింది. చేతిలో ఇత్తడి గిన్నె.

"అనసూయమ్మగారు చెప్పారండి. పైకి తెచ్చాక పూస్తే లాభం లేదంట. గుమ్మం దాటకముందే, మన కొట్లోనే పుయ్యాలంట. ఎంత చిక్కగా ఉంటే అంత మంచిదంట."

"పుయ్యి. అదొక్కటే మిగిలిపోయింది."

సత్యవేణి కళ్లు మూసుకుని, పైడితల్లి అమ్మవారిని తలుచుకుని, పలక వెనకనుంచి చిక్కటి పసుపు సందుల మీదుగా అడ్డంగా పూసింది. లోపలివైపు కూచున్న పైడిబాబు కళ్ల ముందే, ఒక సందులోంచి పచ్చటి చుక్క ఒకటి తొంగి చూసింది. కాసేపు ఆలోచించుకుంది. ఇనుప పలక మీంచి మెల్లగా జారి, పెద్ద ట్రాన్సిస్టరు మూడు కాళ్ల మధ్యకు చేరి, మూడింటినీ కలిపి కూచుంది.

థప్. నూరు వాట్ల బల్బు గదంతా వెలిగిపోయేలా వెలిగింది. ఆ వెలుగులో మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పైడిబాబు వేలితో ఆ పచ్చటి కాళ్లను చూపించాడు. తను బ్రష్షుతో గీకేసిన రాళ రాళ కాదు.

"ఓలమ్మో," అంది సత్యవేణి. తరవాత, "పోనీలెండి, తెలిసింది కదా. పైకెళ్లి చెప్పీండి," అంది.

"ఎవరికి చెప్పాలి?"

"అనసూయమ్మగారికే."

"ఏటని? అమ్మా, రేపు బోనాలు కదా, మీరు అమ్మవారి పేరు చెప్పి పూసిన పసుపే మీ డబ్బాను మూడు రోజులుగా చంపుతున్నాదని చెప్పాలా? చెప్పి మళ్లీ ఈ గుమ్మంలోకి రావాలా?"

సత్యవేణి ఆలోచించింది. పసుపు గిన్నెను వంటింటి అలమరలో, పప్పుల డబ్బాల వెనక, ఎవరికీ కనబడకుండా పెట్టి వచ్చింది.

చెప్తే దుకాణం పోతుంది. చెప్పకపోతే ఆమె మళ్లీ పూస్తుంది, డబ్బా పోతుంది, అప్పుడూ దుకాణం పోతుంది. పైగా ఆఖరి జత కూడా కాలిపోయింది, వేరే ట్రాన్సిస్టర్లు లేవు. పండగ ముందురోజు సాయంత్రం, వాన. పక్క గల్లీ కొట్టు మూసేశారు. రాణిగంజ్‌లో తెరిచి ఉన్న దుకాణం ఒక్కటే. పైడిబాబు గొడుగు కింద, ఇంకో పేరు పెట్టుకున్నవాడిలా తలొంచుకుని ఆ గుమ్మం తొక్కాడు.

"రా పైడి భాయ్. శనగలు గావాల్నా?" అన్నాడు ఓంప్రకాశ్.

"తప్పు నాదే ఓంప్రకాశ్. ఒక జత ఇయ్యి. దండం పెడతాను."

"దండం వద్దు. ఆ రోజు నలుగురి ముందట అన్నవు. ఈ రోజు సుత నలుగురి ముందట చెప్పు. గా స్టూలు మీద కూసో. వచ్చినోళ్లకు చెప్పు, ఓంప్రకాశ్ మాల్ అసలు మాల్ అని. వాన తగ్గినంక పోదువు."

వాన తగ్గలేదు. వైర్ల కోసం వచ్చినవాడికి చెప్పాడు, టార్చిలైటు బల్బు కోసం వచ్చిన ముసలాయనకు చెప్పాడు, వానకు చూరు కింద నిలబడ్డవాళ్లకు కూడా చెప్పాల్సి వచ్చింది. మధ్యలో చాయ్ వచ్చింది. తాగాడు. గొంతు ఎండిపోయింది మరి.

ఎదురుగా గల్లీకి అడ్డంగా పండగ దీపాలు కడుతున్నారు. దీపాలు పైన, వాటిని ఆడించే పెట్టె కింద, ఎక్కడో ఒక దుకాణం లోపల. రెంటినీ కలుపుతూ పొడుగాటి తీగ. చూస్తూ చూస్తూ పైడిబాబు స్టూలు మీంచి లేచిపోయాడు.

ఆదివారం పొద్దున్నే డబ్బా మేడ మీదికి వెళ్లింది, పలక మాత్రం వెళ్లలేదు. దుకాణం మూల ఉన్న పని బల్లను పక్కకు జరిపి, పలకను అక్కడ ఎత్తుపీట మీద పెట్టి, వెనక టేబుల్ ఫ్యాను పెట్టాడు. డబ్బా వెనక పడ్డ కంతకు ప్లైవుడ్ ముక్క బిగించాడు. వరండాకు కట్టిన వేపాకు తోరణం చాటున తీగలు కిందికి దించి, వెంటిలేటరు గుండా దుకాణంలోకి లాగాడు. పసుపు పూసుకుంటారో, నీళ్లు పోసుకుంటారో, కొబ్బరికాయలే కొట్టుకుంటారో, పైన ఉన్నది ఉత్త చెక్కపెట్టె, స్పీకరు. సోమయ్యకు మాత్రం, "మిషను కింద నా కళ్ల ముందుంటే నాకు ధైర్యమండి," అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు.

కల్పలత మెచ్చుకుంది. "రిమోట్‌గ పెట్టిండ్రా అంకుల్? సర్వర్ లెక్క. గుడ్." సోమయ్య "చూద్దాం" అన్నాడు.

పాట మొదలైంది. అది మోగిన తీరుకు మేడ మీద స్టీలు గిన్నెలు వాటంతటవే జరిగాయి. చుట్టాలు వరండాలోకి వచ్చేశారు. ఒకాయన తువ్వాలు నడుముకు బిగించాడు. పైడిబాబు దుకాణం షట్టరు సగం దించుకుని, పలక ముందు చిన్న స్టూలు మీద కూచుని, ప్రతి పాట చివరా మొహం తుడుచుకుంటున్నాడు. పాట మోగుతుంటే ఎక్కడ ఆగుతుందోనని భయం. ఆగితే మళ్లీ మోగుతుందో లేదోనని భయం. పక్కన నీళ్ల చెంబు ఉందని గుర్తొచ్చి దాన్ని వెనక వాటాలో పెట్టి వచ్చాడు. చెమట పడుతోందని తనే ఒక అడుగు వెనక్కి జరిగాడు.

మధ్యాహ్నానికి బోనాలెత్తుకున్న ఆడవాళ్లు వీధిలోకి వచ్చారు. తల మీద కుండలు, కుండల మీద దీపాలు. ప్రతి ఇంటి ముందూ వాళ్ల కాళ్ల మీద బిందెలతో పసుపునీళ్లు పోస్తున్నారు. ఆ నీళ్లు రోడ్డు మీద పారి, సగం దించిన షట్టరు కిందుగా దుకాణంలోకి నాలుకలా చాచాయి. పైడిబాబు లేచి నిలబడ్డాడు. గోనెసంచి అడ్డం వేశాడు. సంచి తడిసింది, నీళ్లు పక్కనుంచి వచ్చాయి. గచ్చు సగం పచ్చబడింది. ఎత్తుపీట కాళ్ల దాకా వచ్చి ఆగాయి. అమ్మయ్య అనుకున్నాడు.

అదే సమయానికి మేడ మీద అనసూయమ్మ, పాటలు బాగున్నాయి కదాని ఇంకోసారి పసుపు పూద్దామని డబ్బా వెనక్కి వెళ్లింది. అక్కడ పలక లేదు. ప్లైవుడ్ ముక్క ఉంది.

"ఇదేందే? దీని పానం ఎటు పోయింది?"

"మిషన్ కింద అంకుల్ షాప్‌ల ఉందమ్మా," అంది కల్పలత.

ఇన్ని రోజులూ తను పూసింది దేనికో అది తప్పించుకుని కింద కూచుందని అనసూయమ్మకు అర్థమైంది. పసుపు గిన్నె, వేపకొమ్మ, వెనక ఆరేడుగురు చుట్టాలు, అందరూ మెట్లు దిగారు. షట్టరు గరగరా పైకి లేచింది.

దుకాణం అవతలి చివర, వెనక వాటా గుమ్మంలో నిలబడి నీళ్లు తాగుతున్న పైడిబాబుకు ముందుగా కనబడింది గిన్నె. తరవాత వేపకొమ్మ. అందులోంచి కారుతున్న పసుపునీళ్లు. ఆమె మూల వైపు ఒకడుగు వేసింది. ఏమని చెప్పి ఆపుతాడు? చెంబు వదిలేసి, ఆమెకూ పలకకూ మధ్య అడ్డం పడాలని ఒక్క పరుగు తీశాడు. పసుపునీళ్ల మీద కాలు జర్రున జారింది. రెండు చేతులూ తల మీదుగా ముందుకు చాచుకుని, బోర్లా, నిలువునా, సరిగ్గా ఎత్తుపీట ముందు పడ్డాడు. కళ్లజోడు ఎగిరి పీట కిందికి పోయింది. నొప్పికి లేవలేక, చాచిన చేతులు అలాగే ఉంచి మూలుగుతూ ఉండిపోయాడు.

అనసూయమ్మ ఆగిపోయింది. వెనకవాళ్లూ ఆగిపోయారు. ఎదుట మూలలో పలక మీద ఎర్ర లైటు వెలుగుతోంది, ఫ్యాను గాలికి దాని చుట్టూ తీగలు ఊగుతున్నాయి, చుట్టూ గచ్చు మీద పసుపునీళ్లు ఉన్నాయి, ఒక మనిషి సాష్టాంగపడి ఒళ్లు తెలియకుండా మూలుగుతున్నాడు. మేడ మీద మద్దెల మోగుతోంది.

"తల్లి ఈడ నిల్చింది," అంది అనసూయమ్మ. వేపకొమ్మ గిన్నెలోకి దించేసింది. "ఎవ్వరు దగ్గరికి పోవద్దు. ముట్టుకోవద్దు. ఈడికెల్లే మొక్కండి."

ఆమె అక్కడికక్కడే ముగ్గుపిండి తెప్పించి మూల చుట్టూ గీత గీసింది. ఆ గీత పీటకు మూడడుగుల దూరంలో ఉంది. పసుపు గీతకు ఇవతలే పడింది, కొబ్బరికాయ గుమ్మంలో పగిలింది. ఎవరూ గీత దాటలేదు. సాయంత్రం దాకా డబ్బా ఒక్క పాట కూడా తప్పకుండా మోగింది. మోకాలికి వేడినీళ్ల గుడ్డ పెట్టుకుని కూచున్న పైడిబాబుకు, బతికాను అనిపించింది.

చుట్టాలు వెళ్లాక సోమయ్య దిగి వచ్చాడు. మూల వైపు చాలాసేపు చూశాడు. మెటికలు విరవలేదు. అది చూసి పైడిబాబుకు కొత్త భయం పట్టుకుంది.

"పైన పెడితే, మొదటిదాంతోని కలిపి మూడుసార్లు ఖరాబైంది. ఈడ పెడితే దినమంత మోగింది. ఇది ఏం మూల?"

"ఆగ్నేయం," అంది అనసూయమ్మ. "అగ్ని ఉండే జాగ. గందుకే నిల్చింది."

"డేటా అయితే అదే చెప్తుంది నాన్నా," అంది కల్పలత. "అంకుల్, మీ రూట్ కాజ్ ఇదే."

పైడిబాబు నోరు తెరిచాడు. పసుపు గురించిన నిజం నాలుక చివరిదాకా వచ్చింది. సత్యవేణి పక్కనుంచి వచ్చి, వాచిన మోకాలు ఉన్న కాలి బొటనవేలి మీద తన మడమ పెట్టి నిలబడింది. నోరు మూసుకున్నాడు.

"మొబైల్ కంపెనీవాళ్లకు లేదని చెప్పేస్త," అన్నాడు సోమయ్య. "అమ్మవారున్న దుకాణం ఎవరికిస్తం? నువ్వే ఉండు, చూసుకో. ఈ మూలకు మాత్రం అడ్డం ఒక చెక్క గోడ కొట్టిస్త. తలుపు పెట్టిస్త. తాళం మా ఇంటామె దగ్గర ఉంటది."

మర్నాడే వడ్రంగి వచ్చాడు. అదివరకు ఆ మూలలో ఉండే పైడిబాబు పని బల్ల, టంకం పెట్టె, పరీక్ష బల్బు గుమ్మం పక్కకు, వాన జల్లు కొట్టే చోటికి వచ్చాయి. ఇప్పుడు మంగళవారాలు జనం వస్తారు. చెప్పులు అతని బల్ల కింద విడుస్తారు. మొదటి మంగళవారమే కొబ్బరికాయతో వచ్చినవాడు ఓంప్రకాశ్. చెక్క తలుపు ముందు నిలబడి కళ్లు మూసుకుని దండం పెట్టుకుని, వెళ్తూ వెళ్తూ పైడిబాబు భుజం తట్టాడు.

"లోపల మోగుతున్నయి నా ట్రాన్సిస్టర్లే కద భాయ్. గిరాకీలకు చెప్తున్న, మా మాల్‌కు అమ్మవారే గ్యారంటీ అని."

ఆ జత ఇప్పటిదాకా కాలలేదు. వడ్రంగి వదిలిపోయిన టేపుతో ఒకరోజు పైడిబాబే కొలిచి చూసుకున్నాడు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మొత్తం పద్దెనిమిది చదరపు అడుగులు పోయింది. అద్దె మాత్రం అంతే ఉంది.